పది వాట్ల గది

యార్డులో నా పని ముక్కుతో.
గోతం మూతి విప్పి, గుప్పెడు కాయలు తీసి,
తొడిమ విరిచి వాసన చూసి
తేజానా, బ్యాడిగా, నిరుడు ఏసీలో పెట్టిన సరుకా
చెప్పేస్తాను.
నా తుమ్ముని బట్టే సేఠు ధర రాస్తాడని
దడవాయి కోటిలింగం ఎగతాళి.

ఈ ముక్కు చెవికేమైనా పనికొస్తుందేమో చూద్దామని
శనివారం, యార్డుకి సెలవు,
గిటారు వీపున వేసుకుని అరండల్‌పేట వెళ్లాను.

గిటారు ఏడాదిగా ఉంది.
చర్చిలో వాయించే ప్రభుదాసు
ఉద్యోగం వచ్చి కర్నూలు పోతూ నాలుగు వేలకి ఇచ్చాడు.
ఆంప్ ఇవ్వలేదు. అది చర్చిదట.
కరెంటు తగలని ఎలక్ట్రిక్ గిటారు
గిన్నె కింద బోర్లించిన తుమ్మెద.
ఏడాదంతా దాని కట్టెకి దవడ ఆనించి
ఎముకల్లోంచి విన్నాను.

జేబులో ఆరు వేలు.
అందులో ఐదొందలు వెనక్కి తెస్తానని
నాకు నేనే మాటిచ్చుకున్నాను.

మొదటి కొట్లో కుర్రాడు
బియ్యం డబ్బా అంతది లాగాడు. అరవై వాట్లు.
"కల్యాణమండపం నిండుద్దన్నా!"
నా గది పదడుగులు.
గోడకవతల ఖాసింబీ, ఆమె మనవడు, కుట్టుమిషను.
ఒంటిటుక గోడ, అటు మేకు కొడితే
ఇటు సున్నం రాలుద్ది.
మండపం నాకెందుకు?

రెండో కొట్లో దానికి నలభై గొంతులు.
బావిలోంచి, రేకుల షెడ్డులోంచి, సముద్రం అడుగు నుంచి.
కుర్రాడు నొక్కుకుంటూ పోయాడు.
ప్రతిదీ బాగుంది, అదే అనుమానం.
"అన్నీ ఆపెయ్ బాబూ.
ఉత్త తీగ ఒక్కటి వినిపించు."
ఆపాడు.
రంగేసిన తాలు కాయ,
విరిస్తే లోపల గాలి.

మూడోది కొట్టు కాదు.
కొత్తపేట సందులో
మైకుసెట్లు బాగుచేసే నాగూర్ వలి బల్ల కింద
పది వాట్లది, ఆరున్నర అంగుళాల స్పీకరు,
మొహం మీద గుడ్డ ఓ మూల చిరిగి.
మూడు నాబులు, పేర్లు ఎప్పుడో చెరిగిపోయాయి.
నేనే పెట్టుకున్నాను: గట్టి, సన్నం, ఘాటు.

ఉత్త తీగ మీటాను.
వేలు తప్పితే తప్పిందని చెప్పింది,
మొహమాటం లేకుండా.
ఘాటు నాబుని చెవి మెలేసినట్టు కొంచెం తిప్పాను.
తొడిమ విరిగిన వాసన.
ఇంకొంచెం.
కళ్లలో నీళ్లు.

సరుకు నచ్చిన సంగతి మొహంలో కనపడకూడదు.
పదిహేనేళ్ల గుమస్తాని,
ఆ ఒక్క పాఠం ఆ పూట మర్చిపోయాను.
"మూడున్నర" అన్నాడు వలి.
రెండు దగ్గర మొదలెట్టాల్సింది పోయి
"హెడ్‌ఫోనుకి కన్నం ఉందా?" అన్నాను.
"ఉంది. ఒక చెవికే వస్తుంది."
మూడు వేల మూడొందలకి తెగింది.
టీ అతనిదే.

రాత్రి, ఖాళీ టిక్కీ నాలుగు మడతలేసి
నేల అదరకుండా దానిమీద కూచోబెట్టాను.
స్విచ్చి వేశాను.
నేనింకా తీగ ముట్టకముందే
ర్ర్ర్ మని ఓ రొద. ఆగింది. మళ్లీ.
మోసపోయాననుకున్నాను.
వలిని తిట్టాను, వలి టీని తిట్టాను,
ప్లగ్గు మార్చాను, గిటారుని అటూ ఇటూ తిప్పాను.
గోడవైపు తిప్పితే ఎక్కువైంది.

ఖాసింబీ మిషను మోటారు.
పొడుగు కుట్టుకి పొడుగ్గా,
చంక మలుపు దగ్గర ఆగి, ఆగి, పొట్టిగా.
ఆరేళ్లుగా పక్కపక్కనే ఉంటున్నాం.
ఫ్యాను హోరులో
ఆమె ఏ రాత్రి ఎన్నింటిదాకా కుడుతుందో
నాకెప్పుడూ తెలీలేదు.

తీగల మీద అరచెయ్యి పెట్టి కూచున్నాను.
పన్నెండుంబావుకి దారం తెగినట్టు
తెగింది రొద.
గది ఒక్కసారిగా పెద్దదైంది.

అప్పుడు మొదలుపెట్టాను.
ఒక చెవికి హెడ్‌ఫోను.
రెండోది, మనవడు లేస్తాడేమోనని,
గోడకి.