పది గ్రాముల ఉప్పు

మిర్చియార్డులో ఇవాళ ఎన్ని టిక్కీలు తూచానో
నన్నడగక్కర్లేదు, చొక్కా విదిలిస్తే చాలు.
ఆ చొక్కా జేబులోనే ఉంది దబ్బనం,
గోతాం మూతి కుట్టి
మళ్ళీ కుట్టాలి గదా అని గుచ్చుకున్న దబ్బనం.

ఇంటికొచ్చి
"కలెక్టరు గారు భోంచేశారా" అంటూ
తొట్టి మీదికి వంగాను.
రోజంతా అటూ ఇటూ తిరిగి తనిఖీ చేస్తుందని
మావాడు ఏలీయా పెట్టిన పేరు.
బంగారు చేప. నా బొటనవేలంత.

జారింది.
బుడుంగుమని ఒక్క మాట, అంతే.
మూడు పొలుసులు విడివిడిగా, తీరిగ్గా
అడుక్కి దిగుతున్నాయి.
చీలిన తోక అంచున
ఎర్రటి నూలుపోగు ఒకటి.

ఏలీయా ఏడవలేదు.
ఏడిస్తే బాగుండేది.
లెక్కల పుస్తకం మూసి
నా జేబు వంక చూశాడు.

"చెయ్యి పెట్టకయ్యా, కారం చేతులు!"
సలోమి వంటింట్లోంచి అరిచింది.
కొబ్బరినూనె రాశాను, మజ్జిగతో కడిగాను,
సబ్బు రెండుసార్లు.
వేలు నాలుక మీద పెట్టి చూసుకుంటే
ఇంకా చురుక్కుమంది.
పద్దెనిమిదేళ్ళ కారం ఒక్క పూటలో దిగుద్దా?
ఈ చేతుల్తోనే వాడికి గోరుముద్దలు పెట్టాను.
మండిందని వాడెప్పుడూ అనలేదు.
అంటే ఏంచేసేవాణ్ణో.

బ్రాడీపేటలో చేపలమ్మే కుర్రాడు చెప్పాడు:
"టబ్బు మార్చన్నా. కుళాయి నీళ్ళు
ఒక రాత్రి నిలవుంచి వాడు.
కల్లుప్పు, లీటరుకి రెండు గ్రాములు.
ఎక్కువేశావో, ఊరేసినట్టే."

ఐదు లీటర్లకి పది గ్రాములు.
నా కాటా మీద పది గ్రాములంటే
ఈగ వాలి లేచినంత. అంకె కూడా మారదు.

లాలాపేటలో మౌనేశ్వరాచారి
షట్టరు సగం దించేశాడప్పటికే.
ఉప్పు పొట్లం చూసి నవ్వుతాడనుకున్నా.
కళ్ళజోడు తుడుచుకున్నాడు, ఫ్యాను ఆపాడు,
అద్దాల పెట్టె తెరిచి
ఒక్కో కల్లూ పట్టకారుతో వేశాడు.
"తులానికి కాస్త తక్కువ.
బంగారానికే గదా, జాగ్రత్తగా తీసుకెళ్ళు."
ఎంతివ్వమన్నావంటే
"బతికాక చూపించు" అన్నాడు.

తెల్లారాక బకెట్టు మొయ్యడం నా వంతు.
మిగతాదంతా ఏలీయానే.
గిన్నె ముంచి పట్టుకుని
అది తనంతట తాను లోపలికొచ్చేదాకా
కదలకుండా కూర్చున్నాడు.
తరమలేదు, వల వెయ్యలేదు.
టబ్బు మీద నా పాత తువ్వాలు కప్పి
"చీకట్లో ఉంటే భయం తగ్గుద్దంట"
అని వాళ్ళమ్మతో చెప్పాడు.
నేను అక్కడే ఉన్నాను.

రెండ్రోజులు మేత లేదు.
మూడోనాడు ఉడికిన బఠాణీ, తోలు తీసి, పావు గింజ.
నోట్లో పెట్టుకుని ఉమ్మేసింది.
"అచ్చం మీ నాన్నే, కూర నచ్చకపోతే" అంది సలోమి.
ఎవరం నవ్వలేదు గానీ
వాడి పెదవి ఓ పక్క కదిలినట్టనిపించింది.

యార్డులో రైతులూ దళారులూ
రేటు మీద గొంతులు చించుకుంటున్నారు.
నేను టిక్కీ ఎత్తినప్పుడల్లా
మూడు పొలుసుల బరువెంతుంటుందా అని.

పన్నెండో నాడు తోకకి కొత్త అంచొచ్చింది.
చూస్తే కనపడదు,
కిటికీ వెలుగు పడ్డప్పుడు మాత్రం ఉందని తెలుస్తుంది.
పొలుసులు పోయినచోట తెల్లగా, వెండిలాగా.
అక్కడ ఇక బంగారు రంగు రాకపోవచ్చంట.
ఆచారికి ఎలా చూపించాలో.

నిన్న సాయంత్రం యార్డు నించి వచ్చి
తొట్టి వైపు అడుగేశాను.
ఏలీయా లేచి అడ్డం నిలబడ్డాడు.
పన్నెండు రోజుల తర్వాత నాతో మొదటి మాట:
"ముందు జేబు చూపించు."

తిరగేసి చూపించాను.
రెండు మిరప గింజలు రాలాయి.
వాటిని ఏరి, గుమ్మం బయట పారేసి,
చేతులు కడుక్కొచ్చి
అప్పుడు పక్కకి జరిగాడు.