ఆరు నిమిషాల దూరం

చిలోయేలో మా రెండు దీవుల మధ్య నీళ్ళు
ఆరు నిమిషాల వెడల్పు.
పొద్దున్నే పదకొండు మంది బడిపిల్లలు,
ఒక టీచరమ్మ, బంగాళాదుంపల బస్తాలు,
ఒక్కోసారి కాళ్ళు కట్టిన గొర్రె.
అటు ఆరు. ఇటు ఆరు.
ఇంజన్ గొంతు సవరించుకునేలోపే
తాడు విసరాలి, ఆపెయ్యాలి.

ఇంత కొంచెం పనికి అరుగుదలేముంటుంది,
నా తర్వాత కూడా నడుస్తుందనుకున్నాను.
పడవ పేరు పోర్ఫియాదా. మొండిది అని.

మూడో చలికాలం
నూనె పోసే మూత విప్పితే
లోపలివైపు మీగడ.
పాలమీద కట్టినట్టే, కాస్త గోధుమ రంగులో,
వేలితో తీస్తే వచ్చేసింది.
నవ్వొచ్చింది. తుడిచి బిగించేశాను.

తొమ్మిది రోజులకి
నడి కాలువలో, పిల్లలుండగా,
ఆయిల్ లైటు ఎర్రగా కన్ను తెరిచింది.
ఉన్నది ఒకటే తెడ్డు.
రెండోదానికి బదులు బెలార్మినో
తన పలక సంచీ అట్టముక్కతో నీళ్ళు తోశాడు.
ఆరు నిమిషాల నీళ్ళు ఆ రోజు
గంటన్నర పొడవున్నాయి.

అబెలార్దో నవెల్కిన్ వచ్చాడు.
రెండు వేళ్ళు లేని చేత్తో అడుగు పళ్ళెం విప్పాడు.
మడ్డి.
నల్లగా, గడ్డగా, జల్లెడ కళ్ళన్నీ మూసేసి.
గరిటె అడిగాడు. వంటింటిదే ఇచ్చాను,
మళ్ళీ వంటింట్లోకి తేలేదు.

"తిరిగి చెడలేదమ్మా ఇది.
తిరక్క చెడింది.
ఒళ్ళు కాగకముందే ఆపేస్తున్నావు.
చల్లటి ఇనుముకి లోపల చెమట పడుతుంది,
ఆ చెమట పోయే దారి లేక నూనెలోనే కాపురం పెడుతుంది."

వంద గంటలకోసారి మార్చమన్నాడు,
వేడిమీదే దించమన్నాడు.
చల్లారితే మడ్డి అడుగునే కూర్చుంటుందట,
పైపై మంచితనమే చేతికొస్తుందట.
ఫిల్టరు దగ్గర పిసినారితనం వద్దన్నాడు.
వెళ్ళబోతూ, టోపీ పెట్టుకుంటూ,
"వారానికోసారి దూరం తీసుకెళ్ళు."
ఎక్కడికి?
"ఎక్కడికో. పనేం లేకుండా."

పనేం లేకుండా.
నలభై ఆరేళ్ళలో నాకెవరూ చెప్పని పని.

మొదటి ఆదివారం డీజిల్ లెక్కపెడుతూ వెళ్ళాను.
ఇరవై నిమిషాలకి ముల్లు ఎనభై దగ్గర నిలబడింది.
పొగ పల్చబడింది. మోత మారింది,
జలుబు దిగిన మనిషి మాటలా.
ఎదురుగా కొర్కోవాదో కొండ, మంచు భుజాల దాకా.
ఎవరూ లేరు.
నాలుగు నెలలుగా నా జీతం ఆపిన మున్సిపాలిటీ గుమస్తాని
వాడి ముత్తాత దాకా పేరుపేరునా తిట్టాను.
ఇంజన్ మోతలో నాకే సరిగా వినబడలేదు.
ఇంకా గంట మిగిలే ఉంది.

గుడి మెట్లమీంచి ఊరంతా చూస్తుంది.
ఆదివారం పూట, ఒక్కతే, గల్ఫు వైపు!
కెయిలెన్‌లో ఎవడో ఉన్నాడన్నారు,
సాల్మన్ చేపల కంపెనీలో కాపలావాడన్నారు,
పెళ్ళయినవాడని కూడా తేల్చారు.
ఓర్ఫెలినా తిరిగి చెడుతోందన్నారు.
ఇంజన్ మూతికి మూత ఉంది,
ఊరి మూతికి ఏ దుకాణంలో దొరుకుతుంది?
నేను కాదనలేదు.
రెండు వారాలు ఎర్ర శాలువా కూడా కప్పుకున్నాను.

నోటుబుక్కులో మాత్రం నిజమే రాస్తాను.
జూన్. 1840 గంటలు. నూనె నలుపు, జిగురు లేదు.
ఆగస్టు. 1941. ఒక గంట ఆలస్యం, గాలివాన.
వేలి కొసల మధ్య రుద్ది చూశాను, నున్నగా జారింది.

మొన్న టీచరమ్మ ఎర్లిందా
పిల్లలు దిగాక వెనక్కి వచ్చింది.
"నాకొక్కదానికే చెప్పు, ఎక్కడికెళ్తున్నావు?"
మూత విప్పి చేతిలో పెట్టాను.
లోపలివైపు పొడిగా ఉంది, మెరుస్తోంది.
అటూ ఇటూ తిప్పింది, వాసన చూసింది,
ఏమీ అర్థం కాలేదన్నట్టు నా మొహంలోకి చూసింది.

ఆదివారం తొమ్మిదికి రమ్మన్నాను.
ఉన్ని టోపీ తెచ్చుకోమన్నాను.