హైపో డబ్బా

నెలాఖరుకి గది ఖాళీ చేయాలి.
పరుపులు, కుక్కరు, ఓబులేసు ట్రంకుపెట్టె,
అన్నిటికీ ఎవరో ఒకరు దొరికారు.
బాత్రూం తలుపు వెనక ఈ మూడు డబ్బాలకే
ఎవరూ దొరకలేదు.

ఒకటి డెవలపర్. నిన్నటి డికాక్షన్ రంగు.
ఒకటి స్టాప్ బాత్. మూత తీస్తే పుల్లటి ఘాటు.
ఇంకోటి హైపో.
చూడ్డానికి నీళ్ళే. అదే నా భయం.

మేలో ఓ మధ్యాహ్నం, డ్యూటీ దిగొచ్చిన ఓబులేసు
మంచినీళ్ళ సీసా అనుకుని నోటిదాకా ఎత్తాడు.
వాసన కాపాడింది.
"ఏంది సామీ, అగ్గిపుల్లలు నానబెట్టినావా?"
ఆ రాత్రే సీసాలు పారేసి డబ్బాలు కొన్నాను.
తాగొద్దని నేను తెలుగులో రాస్తే
ఖాజావలి ఉర్దూలో, పక్క గది బిజు మలయాళంలో.
చదువు రానివాళ్ళకి పుర్రె బొమ్మ గీశాను.
అది నవ్వుతున్నట్టొచ్చింది.

బిల్డింగు హారిస్ వచ్చి చూశాడు.
ఈజిప్టు మనిషి, మంచివాడే.
"కమోడ్‌లో పొయ్, ఖలాస్" అని చేత్తో చూపించాడు.
ఖలాస్ కాదని
నాకొచ్చిన నాలుగు ముక్కల అరబ్బీలో ఎలా చెప్పను?

మా రాయచోటి వైపు ఏరు ఎండితే చెలమ తవ్వుతాం.
ఈ కువైట్‌లో అసలు ఏరే లేదు.
సముద్రాన్ని కాచి, ఉప్పు తీసి
పైపుల్లో పంపుతారు, తాగుతాం.
అలాంటి చోట
కళ్ళు మూసుకుని చెయ్యి వంచడం నా వల్ల కాలేదు.

"మిద్దెమీద పెట్టన్నా, ఈ ఎండకి సాయంత్రానికి గాలైపోతాది."
మిద్దెమీద పావురాల గూళ్ళున్నాయి, ఖాజావలీ.
వాటికి ఏ లిపిలో రాయాలి?

పోనీ మూడూ ఒకే డబ్బాలో కలిపేద్దామా అంటే,
పులుపు హైపోలో పడితే ఏమౌతుందో
ఒకసారి చూశాను. కిటికీ లేని బాత్రూంలోంచి
గోడ పట్టుకుని, దగ్గుతూ, బయటపడ్డాను.

ఐదేళ్ళ శుక్రవారాలు ఇక్కడే.
ఎండాకాలం కుళాయిలో నీళ్ళు సలసలమంటుంటే
గీజర్ ఆపేసి, అందులో చల్లారిన నీళ్ళు పట్టుకునేవాణ్ణి.
(గీజర్ నీళ్ళు చల్లబరుస్తుందంటే మా ఆవిడ ఇప్పటికీ నమ్మదు.)
ఎర్ర బల్బు కింద, ట్రేలో
ముందు మీసమొచ్చేది, తర్వాత కళ్ళు.
తెల్లబట్ట ఎంతసేపున్నా రాదు.
అక్కడ కాగితానికి వెలుగే తగల్లేదు.
వెలుగు తగలని చోటి వెండినంతా
హైపో తన కడుపులో పెట్టుకుంటుంది.

అంటే
ఖాజావలి కుట్టుకున్న దిష్‌దాషా తెలుపు,
ఓబులేసు తలమీది ఖాళీ ఆకాశం,
చిన్నపరెడ్డి నవ్వులో బయటపడ్డ పళ్ళు
ఈ డబ్బాలోనే ఉన్నాయి.
బొమ్మలు ఊళ్ళకి పోయాయి.
ఇది నాతో మిగిలింది.

అంట్లు తోమే ఇనుప పీచు వేసి వారం ఉంచితే
వెండి దిగుతుందని
పీలేరులో స్టూడియో నడిపిన దేవదానం చెప్పేవాడు.
ఓ గ్లాసెడు విడిగా తీసి వేసి చూశాను.
దిగింది. మెరవలేదు.
గిన్నె అడుగు మసిలాగా నల్లటి బురద.
డబ్బా మొత్తం దించినా ఒక మెట్టెకి చాలదేమో.

చివరికి బిజు బావమరిది చెప్పాడు,
ఫర్వానియాలో వాళ్ళ క్లినిక్ ఎక్స్‌రే గదికి
పాత మందునీళ్ళు పట్టుకెళ్ళే బండి నెలకోసారి వస్తుందని.
టాక్సీలో మూడు డబ్బాలకీ కలిపి బెల్టు పెట్టాను.
కౌంటర్‌లో అమ్మాయి ముక్కు మూసుకుని అడిగింది:
"ఎవరి ఎక్స్‌రేలు?"
ఎముకలు కావమ్మా, మొహాలు, అన్నాను.
ఆమెకి అర్థం కాలేదు. సంతకం చేయించుకుంది.

మందు వంపుకుని డబ్బాలు వెనక్కిచ్చారు.
ఓబులేసు ఒకటి అడిగాడు, కొత్త గదిలో నీళ్ళకి పనికొస్తుందని.
ఇవ్వలేదు.
మేకు కాల్చి
మూడింటికీ అడుగున బొక్కలు పెట్టాను.
పీనాసోడా అన్నాడు.
అననీ.