మొల లోతు

డే అండ్ నైట్ జంక్షన్ వెనక, మేడ మీద గదిలో
ఇన్వర్టరు మూలుగుతుంటే
ముప్పై ఏళ్ళ వంశధారని
గడులు గడులుగా నడిపిస్తున్నాను.
ఒక గడిలో లెక్క, దాని కింద బొమ్మ,
బొమ్మ కింద నా మాట రెండు ముక్కలు.
నోట్‌బుక్ అంటారు దీన్ని. కాగితం వాసన లేదు.
రన్ నొక్కితే ఏరు పొంగుతుంది,
మళ్ళీ నొక్కితే మళ్ళీ అదే ఏరు, అంతే పొంగు.

ఒక అక్టోబరు రాత్రి దగ్గర మాత్రం
గీత ఉన్నట్టుండి నిటారుగా లేచి
పక్క గంటకల్లా కూలబడుతుంది.
చూసినవాళ్ళెవరైనా తప్పంటారు.
అందుకే అక్కడ నీలం అక్షరాల్లో ఒక లంకె పెట్టాను:
"అసలు పేజీ ఇక్కడ చూడండి."

నొక్కితే నా మిషన్లో తెరుచుకునేది
దాలినాయుడి గేజీ రిజిస్టరు, నూట పన్నెండో పేజీ.
చెద తిన్న మూల,
తడిసి ఊదాగా పాకిన సిరా,
అంకె ఉండాల్సిన చోట మాటలు:
"రెండు గంటలకి లాంతరు ఆరిపోయింది.
స్కేలు కనపళ్ళేదు. ఏడో మెట్టు మీదకి దిగినాను.
మొల లోతు."
ఆ మొలని అందాజుగా మీటర్లు చేసి
గడిలో వేసింది నేనే.

నోట్‌బుక్ విజయవాడ పంపాను.
హిమజ ఫోన్ చేసింది:
"మీ లంకె నొక్కితే ఫైలు దొరకలేదంటోంది.
ఆ చుక్క తీసేశాను. సెన్సారు తప్పేమో."
సెన్సారు!
ఆ రాత్రి ఏట్లో నిలబడ్డ సెన్సారుకి
పదకొండు రోజులు చలిజ్వరం.

తీరా చూస్తే లంకె నిండా నా చిరునామాయే.
సీ డ్రైవు, నా పేరు, డెస్క్‌టాప్, "కొత్తది", "కొత్తది రెండు".
ఆమె మిషన్లో నేనెక్కడున్నాను?
పోనీ బ్రౌజరుని బతిమాలదామంటే
అది వాకిట్లోనే చేతులు అడ్డం పెట్టింది,
డిస్కు లోపలి గదులు ఎవరికీ తెరవనని.
నోట్‌బుక్కో, తను ఏ ఫోల్డరులో కళ్ళు తెరిచిందో
దానికి పైన లోకమే లేదనుకుంటుంది.

ఆదివారం దాలినాయుడి కోసం
హిరమండలంలో బస్సు దిగి, ఫోన్లో తోవ అడిగాను.
"ముందు నువ్వెక్కడున్నావో సెప్పు బావూ,
అప్పుడు కదా తోవ సెప్పడం."
"రైసుమిల్లు కాడున్నాను."
"అలగైతే ఒక యీది ఎనక్కి రా.
కత్తులు సానబట్టే కొట్టు. దాని పక్క సందు. మూడో గుమ్మం."

ఒక వీధి వెనక్కి. పక్క సందు. మూడో గుమ్మం.
సందులో నడుస్తూనే నవ్వొచ్చింది.
ఆయన నాకు తాటిముంజెలు ఒలిచి పెడుతూ
ఎందుకు నవ్వుతున్నావని అడిగాడు.
చెప్పాను. అర్థమైందో లేదో,
"అంతే కదేటి" అన్నాడు.

రాత్రి తిరిగొచ్చి సీ డ్రైవుని చెరిపేశాను.
రెండు చుక్కలు, ఒక ఏటవాలు గీత,
పక్క ఫోల్డరు "పేజీలు", అందులో నూట పన్నెండు.
ఒక మెట్టు పైనించి తెరవమని హిమజకి చీటీ.
ఇక నోట్‌బుక్ ఎక్కడికెళ్తే అక్కడికి
రిజిస్టరు చంకనెక్కి వెళ్తుంది.
అంత బరువు మొయ్యలేనంది మెయిలు.
పెన్‌డ్రైవుని అగ్గిపెట్టెలో పెట్టి, దారం చుట్టి
ఆర్టీసీ కార్గోలో వేశాను.

మూడో నాడు హిమజ.
"తెరుచుకుంది. చదివాను."
కాసేపు ఏమీ అనలేదు.
"చుక్క మళ్ళీ పెట్టేశాను. కానీ
మొల లోతంటే ఎంతని వేసుకున్నారు మీరు?
ఎవరి మొల?"

దాలినాయుడికి ఫోన్ చేశాను.
అవతల మేకలు అరుస్తున్నాయి.
"నా మొలేటి? అప్పటిదా, ఇప్పటిదా?
అప్పుడు నాను నిటారుగుండీవోణ్ని బావూ."

గడి ఖాళీగా ఉంది. కర్సరు కొట్టుకుంటోంది.
రేపు తొలి బస్సుకి
టేపు పట్టుకుని వెళ్ళాలి.