నాలుగో నంబరు చొక్కా

పదిహేడేళ్లు ఉతికాను సిగ్వె, నీ చొక్కా.
పేపరువాళ్లు నీ గురించి రాసిందంతా కలిపినా
రెండు కాలమ్‌లు నిండవు.
నన్నడిగితే చెప్పేదాన్ని,
మరకలు చదవడం వచ్చినదాన్ని కదా.

గోల్ కొట్టేవాళ్ల చొక్కాలు సులువు.
బోర్లా జారిన పచ్చదనం,
మీదపడి కౌగిలించుకున్నవాళ్ల చెమట,
ఒక్క ఉతుక్కి పోతాయి.
నీది అలా కాదు.
ఎడమ భుజం దగ్గర ఎవడో పట్టి లాగిన సాగుడు,
వీపు మీద బూటుముళ్ల ఆరు చుక్కలు,
కాలరుకి నెత్తురు. సగంసార్లు నీది కాదు.

నువ్వొచ్చిన రోజు గుర్తుంది.
స్కార్‌హోల్మెన్ దీవి నుంచి పొద్దుటి పడవలో,
పంతొమ్మిదేళ్లు, చేతులకింకా కాడ్ చేపల వాసన,
సంచిలో బూట్లు, కాగితంలో చుట్టిన గోధుమరంగు జున్ను.
"ఎక్కడ ఆడతావ్?" అన్నాను.
"వెనక."
ఆ శీతాకాలమంతా
నీ నోట నేను విన్నది ఆ ఒక్క మాటే.

ఎవరి పనికీ అడ్డుపడకూడదని
మా అమ్మ చిన్నప్పుడే చెప్పింది.
నీకేమో దానికే జీతం.
ఏప్రిల్ మంచులో గీతలు కనబడక
నారింజరంగు బంతితో ఆడిన రోజు అడ్డుపడ్డావు.
జూన్‌లో, రాత్రి తొమ్మిదైనా దిగని ఎండ
మన గోల్‌కీపరు కళ్లలో గుచ్చుతుంటే
ఒక అడుగు పక్కకి జరిగి
అతని మొహం మీద నీడైనావు.
దానికి లెక్క రాసే పుస్తకం లేదు.

జర్మనీ వెళ్లావు, రెండేళ్లు.
అక్కడ నీ చొక్కా ఎవరుతికారో నాకు తెలీదు.
ఒకే ఒక్క మ్యాచ్‌, అదీ డెబ్భై ఒకటో నిమిషం నుంచి.
తిరిగొచ్చినప్పుడు
మోకాలి మీద జెర్రిలాంటి కుట్లు,
సంచినిండా వాళ్ల భాషలో మందుచీటీలు.
"కాఫీ ఉందా?" అన్నావు.
మాట పెరిగిందని సంతోషించాను.

నీ ఒకే ఒక్క గోల్‌ని ఎవరూ వీడియో తియ్యలేదు.
కెమెరా కుర్రాడు బ్యాటరీ మారుస్తున్నాడు.
పండగ ఎలా చేసుకోవాలో తెలీక
నువ్వు తలొంచుకుని
నీ చోటికి వెనక్కి పరుగెత్తావు,
ఏదో పగలగొట్టిన పిల్లాడిలా.

ఆ నవంబరు గురించి కూడా రాయాలి.
వాన. ఎనభై ఎనిమిదో నిమిషం.
నీ బొటనవేలికి తగిలి బంతి మన వలలోకే.
కింది డివిజన్‌కి పడిపోయాం.
అందరూ వెళ్లాక ఉతుకుగదిలోకొచ్చి
నాతోపాటు మేజోళ్లు జత చేస్తూ కూర్చున్నావు,
ఒంటిగంట దాకా.
"రాగ్న్‌ఫ్రిద్, బంతి నాకు కనబడింది.
కాలికే కనబడలేదు" అన్నావు.
నీ చొక్కా మీద ఒక్క మరక లేదు.
అయినా రెండుసార్లు ఉతికాను.

చివరి మ్యాచ్‌ చొక్కా
అద్దంలో బిగించి కాంటీన్‌లో పెడతామన్నారు,
మట్టితోనే, ఉతక్కుండా ఇమ్మన్నారు.
అలవాటు చెయ్యి.
వాళ్లు వచ్చేసరికి మిషన్‌లో తిరుగుతోంది.
ఇప్పుడది గోడ మీద కొత్త బట్టలా మెరుస్తుంటే
కుర్రాళ్లు అడుగుతారు,
ఈయన బెంచీ మీద కూర్చునేవాడా అని.
తప్పు నాది. ఎవరికీ చెప్పలేదు.

నిన్న చెల్లెలింటికి వెళ్తూ ఫెర్రీ ఎక్కాను.
పసుపుపచ్చ కోటులో నువ్వు,
చేయి చాపి కార్లు ఆపుతున్నావు.
నా బంపరు నీ పాత మోకాలికి
జానెడు దూరంలో ఆగింది.
నువ్వు కదల్లేదు.
తర్వాత నవ్వావు.
కోటు జేబు దగ్గర అరచేతంత ఆయిల్ మరక.
అద్దం దించి అరిచాను,
"వేడినీళ్లు పొయ్యకు!
ముందు సుద్దపొడి చల్లు!"
ఇంజిన్ మోతలో వినబడక
చెవి దగ్గర చెయ్యి పెట్టి
ఏమిటన్నావు.
వెనక కార్లు హారన్ కొట్టాయి.