మూడు పూతలు

పుంతా అరేనస్‌లో గాలి మనుషుల్ని తోసుకుపోతుంది.
అక్టోబరు వస్తే వీధి మూలల్లో తాళ్లు కడతారు,
పట్టుకుని నడవమని.
ఆ గాలి చొరబడని గది మాది ఒక్కటే,
పీతల ఫ్యాక్టరీ ఆఫీసులో, మెట్ల కింద.
కిటికీ లేదు. ఒక బల్ల, ఒక ఫ్యాను,
వరసగా పడుకోబెట్టిన పాత కంప్యూటర్లు పదకొండు.

ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి పోయేముందు
వాటిని తుడిచి ఇవ్వడం నా పని.
డిలీట్ కొడితే పోదా అంటారు అందరూ.
తలుపు మీది పేరు పలక ఊడదీస్తే
ఇంట్లోవాళ్లు ఖాళీ చేసినట్టేనా?
లోపలే ఉంటారు, దీపం ఆర్పుకుని,
ఎవరైనా తడితే పలకడానికి.

అందుకే సున్నం కొట్టినట్టు సున్నాలు కొడతాను.
మొదటి పూత సున్నాలు.
రెండో పూత ఒకట్లు.
మూడోది రెండూ కలిపి, అడ్డదిడ్డంగా.
ఆ పైన అక్కడో చోటా ఇక్కడో చోటా గీకి చూస్తాను,
పాత రంగు బయటపడుతుందేమోనని.
ఒక్కోసారి చెడిపోయిన గడి ఒకటి పూతకి లొంగదు.
అప్పుడు డ్రిల్లు తీస్తాను.
కొత్తరకం డిస్కులకి ఇదంతా పనికిరాదు,
తాళంచెవి ఒక్కటి కరిగించేస్తే చాలు.
అక్షరాలన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి,
వాటి అర్థం వాటికే తెలియకుండా.
ఎందుకో ఆ పని చేసిన రోజు రేడియో పెట్టుకుంటాను.

ఎనిమిదో నంబరు ఎలియోదోరో బారియాది.
తూకం గుమాస్తా. ఈ పెట్టె ముందు తొమ్మిదేళ్లు.
ఇప్పుడు పై అంతస్తుకి మార్చారు, లాప్‌టాప్ ఇచ్చారు.
మధ్యాహ్నం రొట్టె చేత్తో పట్టుకుని దిగి వచ్చాడు.
"యాన్కా, నాది మొదలెట్టావా?"
"ఇరవై మూడు శాతం."
కుర్చీ లాక్కుని కూర్చున్నాడు,
పొయ్యి మీద పాలకి కాపలా కాసేవాడిలా.

ఏదో వెతికిపెట్టమంటాడనుకున్నాను.
అందరూ అడుగుతారు: పిల్లాడి ఫోటో, ఒక పాస్‌వర్డు,
పోయినేడాది పన్ను లెక్క.
ఆయన అడగలేదు. కాసేపు నీళ్లు నమిలాడు.
నలభై దగ్గర చెప్పాడు:
"మేనేజరుకి ఉత్తరాలు. పంపనివి. రెండొందల పైనే.
పీత బరువులో మంచు బరువు కలపమన్న రోజు నుంచీ."
ఆగి,
"ఎవరి కళ్లా పడకూడదు. గట్టిగా తుడువు."
గట్టిగానే తుడుస్తున్నానన్నాను.

డిస్కు సన్నగా గురక పెడుతోంది.
అరవై. ఎనభై. రొట్టె సగంలో ఆగిపోయింది.
నూరు దగ్గర ఆకుపచ్చ గీత నిండి నిలబడింది.
"ఇంక ఎవరూ తీయలేరా?"
"ఎవరూ."
"పోలీసులు?"
"వాళ్ల వల్లా కాదు."
"నువ్వు?"
"నేనూ అంతే."
తల ఊపాడు. లేచాడు. మెట్టు మీద కాలు పెట్టి,
నావైపు తిరక్కుండానే అన్నాడు:
"అందులో ఒకటి మాత్రం బాగా కుదిరింది."

పైన తలుపు తెరుచుకున్నప్పుడు
కాస్త గాలి మెట్లు దిగి వచ్చింది.
నేనేమీ అనలేదు. నా దగ్గర ఉన్నదల్లా
ఒక ధ్రువపత్రం:
సీరియల్ నంబరు, తేదీ, మూడు పూతలు, లోపాలు లేవు.
కింద నా సంతకం.
ఆయన పేరున్న స్టిక్కరు గోకి, జిగురు స్పిరిట్‌తో తుడిచి
కొత్తది అంటించాను: మిలెంకా ఓయార్సో.
సోమవారం చేరుతుంది.

కీబోర్డు బోర్లించి తడితే
రొట్టె పొడి, పీత గోరు ముక్క ఒకటి రాలాయి.
తిప్పి చూస్తే
అక్షరాలన్నీ దాదాపు కొత్తవే.
వెనక్కి చెరిపే మీట ఒక్కటే,
బాణం గుర్తు మాసిపోయి, నడుమ గుంటపడి
ఏటి రాయిలా నున్నగా ఉంది.

మూడు పూతలు వేశాననుకున్నాను.
నాకంటే ముందు ఆయన ఎన్ని వేశాడో.

నిబంధనల్లో కీబోర్డు గురించి ఏమీ లేదు.
అలాగే కట్టి పంపాను.
సోమవారం ఆ అమ్మాయి మొదటి తప్పు కొట్టినప్పుడు
వేలు తనంతట తనే
ఆ గుంటలోకి జారుతుంది.