జానెడుకు పన్నెండు జానలు

నా పేరు బ్యారుహంగ.
కంపాలాలో కొండ నెత్తిన ఉన్న విశ్వవిద్యాలయానికి
పందొమ్మిదేళ్లుగా తాపీ మేస్త్రిని.
న్యాయశాస్త్ర విభాగం ముందున్న ఎనిమిది మెట్లూ నా చేతివే.
రసమట్టం పెట్టి చూడండి,
బుడగ నడిమధ్యన నిలుస్తుంది.
పట్టా పుచ్చుకున్న ప్రతి పిల్లాడూ
వాటి మీద నిలబడి ఫొటో దిగినవాడే.

నాకిర్య వచ్చేదాకా
వాటిలో తప్పుందని నాకు తెలియదు.

ఆమె చక్రాల కుర్చీ మెట్ల కింద ఆగేది.
ఇద్దరు కుర్రాళ్లు చెరో పక్కా పట్టి
లారీలోంచి అరటిగెలను దించినంత జాగ్రత్తగా
ఎత్తి పైన పెట్టేవాళ్లు.
గాల్లో ఉన్న ఆ కాసేపూ
గౌను అంచును మోకాళ్లకేసి అదిమి పట్టుకునేది.
నేను అటు తిరిగి
లేని సిమెంటు కలుపుతుండేవాణ్ణి.

తరవాత ఏదో కమిటీ వస్తోందన్నారు.
వారంలో ర్యాంపు కావాలన్నారు.
మెట్ల పక్కనే, మెట్లంత నిటారుగా పోసేశాను.
రిబ్బను కత్తిరించారు. సోడాలు తాగారు.
రిజిస్ట్రారు ముగరూర గారు నా భుజం తట్టి
"ఎక్కమ్మా" అన్నారు ఆమెతో.

ఆమె ఎక్కలేదు.
సంచిలోంచి ఒక నారింజ తీసి నా చేతికిచ్చింది.
"పైన పెట్టు మేస్త్రీ."
పెట్టాను.
అది దొర్లి, ఎగిరి, కమిటీ బూట్ల మధ్యనుంచి దూసుకుపోయి
మురిక్కాలవలో పడింది.
"అది నేను" అంది.

నిజం చెప్పాలంటే ముందు కోపమే వచ్చింది.
పందొమ్మిదేళ్ల తాపీకి పండు పాఠమా!

మర్నాడు తనే నూలుదారం తెచ్చింది.
జానెడు ఎత్తుకు పన్నెండు జానల పొడవు.
ఆరు జానల ఎత్తుకు డెబ్బైరెండు.
మధ్యలో చేతులు ఊపిరి తీసుకోడానికి కాస్త చదును.
నేను దారం పట్టుకుని వెనక్కి నడిచాను,
నడుస్తూనే ఉన్నాను,
పనసచెట్టు నీడలో
ముగరూర గారి కారు ముందు చక్రానికి తగిలి ఆగాను.

"మరి నా కారు?" అన్నారాయన.
"ఎండలో" అంది నాకిర్య.

నాలుగు నెలలు ఉత్తరాలు నడిచాయి.
చూపులేని సెకిట్టో వాటిని టైపు చేసేవాడు.
ప్రతిదాని అడుగునా తన మాట ఒకటి చేర్చేవాడు:
లిఫ్టులో బ్రెయిలీ పలక తలకిందులుగా అతికించారు,
నేను మూడో అంతస్తుకని ఎప్పుడూ సెల్లారుకే పోతున్నాను.

చివరికి ముగరూర గారు ఒక మెట్టు దిగారు.
మిగతా ఏడింటినీ
నేను సుత్తితో చూసుకున్నాను.
నా మెట్లను నేనే పగలగొడుతుంటే
మొదటి దెబ్బ చేతికి తగిలింది,
రెండోది తగల్లేదు.

మొన్న సోమవారం వాన.
తొమ్మిది గంటల క్లాసుకి
నాకిర్య తొమ్మిదింపావుకి వెళ్లిందట.
ఇదివరకైతే "పాపం" అని ఊరుకునేవారు.
ఈసారి మేడం గుమ్మంలోనే నిలేసి కడిగేసిందట.
మధ్యాహ్నం చదును దగ్గర ఆగి
నవ్వాపుకోలేక చెప్పింది:
"తిట్లు తిన్నాను మేస్త్రీ,
అందరిలాగే."

లిఫ్టులో పలక ఇంకా తలకిందులుగానే ఉంది.
రేపు స్క్రూడ్రైవరు తెస్తాను.
ఎవరినీ అడగను.